డి క్లేర్ వంశం: ఇంత భూమి, ఇన్ని మఠాలు, చివరికి ముగ్గురు అక్కచెల్లెళ్లు

శ్రావణి_కె:
మధ్యయుగపు ఇంగ్లండ్ గురించి చదువుతూ డి క్లేర్ కుటుంబం దగ్గర ఆగిపోయాను. విలియం ఇంగ్లండ్‌ని గెలిచినప్పుడు నార్మండీ నుంచి వచ్చిన రిచర్డ్ ఫిట్జ్ గిల్బర్ట్‌తో వీళ్ల కథ మొదలు. ఆయనకి సఫోక్‌లో క్లేర్, కెంట్‌లో టన్‌బ్రిడ్జ్ దక్కాయి. 1086 డూమ్స్‌డే అనే దేశమంతటి భూముల సర్వే నాటికే దేశంలోని పెద్ద భూస్వాముల్లో ఒకడు. 1314లో వంశంలో చివరి ఎర్ల్ (రాజు కింద పెద్ద ప్రభువుకి ఇచ్చే బిరుదు) చనిపోయేనాటికి సఫోక్, కెంట్, గ్లోస్టర్, దక్షిణ వేల్స్‌లో గ్లామోర్గన్, ఐర్లండ్‌లో కిల్కెన్నీ, అన్నీ వాళ్లవే.

నా డౌట్ ఇది. ఈ రెండున్నర శతాబ్దాలూ వీళ్లు మఠాలకి ఇస్తూనే ఉన్నారు. సెయింట్ నియట్స్, స్టోక్, టింటర్న్, టన్‌బ్రిడ్జ్, క్లేర్. ఇంత ఇస్తూ ఆస్తి తరగకుండా ఎలా పెరిగింది? భక్తి అనుకోవాలా, లెక్క అనుకోవాలా?

గోదారోడు:
రెండూ అనుకోండి. పుణ్యం ఊరికే రాదు కదా 🙂

తాళపత్రం:
శ్రావణి గారూ, "ఇచ్చారు" అన్నప్పుడు ఏం ఇచ్చారో చూడాలి. మొదటి రెండు తరాలు ఇచ్చినవాటిలో దున్నే మంచి భూమి తక్కువ. ఎక్కువగా ఇచ్చింది తమ ఊళ్లలోని చర్చిలు, వాటి దశమభాగాలు (పంటలో పదో వంతు చర్చికి కట్టేది), ఒక మర, చేపలు పట్టుకునే హక్కు, అడవిలో పందులు మేపుకునే హక్కు. అప్పట్లో ఊరి చర్చి కూడా భూస్వామి ఆస్తే. అమ్మొచ్చు, పంచొచ్చు, కూతురి పెళ్లికి ఇవ్వొచ్చు. పదకొండో శతాబ్దం చివర్లో పోప్‌ల సంస్కరణల వల్ల మామూలు మనిషి చర్చి రాబడి తినడం పాపమనే మాట బలపడింది. ఎలాగూ వదులుకోవాల్సిందే అనిపించినప్పుడు బిషప్‌కి వదిలేస్తే ఏమొస్తుంది? తనకి కావలసిన మఠానికి ఇస్తే దాత అనే పేరూ వస్తుంది, పట్టూ మిగులుతుంది.

ఇక ఎవరికి ఇచ్చారో చూడండి. నార్మండీలో బెక్ మఠం పెట్టిన హెర్లుయిన్ అంతకుముందు బ్రియోన్ కౌంట్ గిల్బర్ట్ దగ్గర సైనికుడు. ఆ గిల్బర్ట్ కొడుకే మన రిచర్డ్. అందుకే ఇంగ్లండ్ వచ్చాక కూడా వీళ్ల దానాలు బెక్‌కే వెళ్లాయి. రిచర్డ్, ఆయన భార్య రోహేస్ సెయింట్ నియట్స్‌ని బెక్ సన్యాసులతో నింపారు. కొడుకు గిల్బర్ట్ 1090లో క్లేర్ కోటలో ఉన్న సెయింట్ జాన్ చర్చిని బెక్‌కి రాసిచ్చాడు. అంటే కోట గోడల లోపలే మఠం. సైనికులూ గుర్రాలూ తిరిగే చోట రోజంతా ప్రార్థనలు ఎలా సాగాయో గానీ, 1124లో ఆ సన్యాసుల్ని పక్కనే ఉన్న స్టోక్‌కి మార్చేశారు.

శ్రావణి_కె:
థాంక్స్ అండీ. పట్టు మిగలడం అంటే?

తాళపత్రం:
పోషకుడి హక్కులు. కొత్త ప్రయర్‌ని, అంటే మఠం పెద్దని, ఎన్నుకోవాలంటే ముందు ఈయన అనుమతి కావాలి. దారిన పోతూ పరివారంతో దిగితే భోజనం, బస మఠానిదే. కుటుంబంలో ఎవరు పోయినా అక్కడే సమాధి, ఏటా ఆబ్దికం లాగా ప్రార్థనలు. చదువొచ్చిన గుమస్తాలు కావాలన్నా అక్కడే దొరికేవారు.

రామ్మూర్తి_రిటైర్డ్:
నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైర్ అయినవాణ్ణి. దీన్ని పత్రాల వైపు నుంచి చెబుతాను. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఎర్ల్‌కి కూడా భూమి రాజు కింద హక్కే. యజమాని చనిపోతే వారసుడు రాజుకి సొమ్ము కట్టి భూమి తీసుకోవాలి. వారసుడు మైనర్ అయితే భూమి రాజు చేతిలోకి పోతుంది, వాడి పెళ్లి కూడా రాజే కుదురుస్తాడు, లేదా ఆ హక్కుని ఎవరికైనా అమ్ముకుంటాడు. పై భూస్వాములందరి ఆదాయంలో ఇది పెద్ద భాగం.

మఠానికి చావు లేదు, మైనారిటీ లేదు, పెళ్లి లేదు. ఒకసారి భూమి అక్కడికి పోయిందంటే పైవాడికి ఆ సొమ్ములేవీ రావు. అందుకే మొదటి ఎడ్వర్డ్ 1279లో చట్టం తెచ్చి, చర్చికి భూమి ఇవ్వకూడదన్నాడు. తర్వాత లైసెన్సు తీసుకుని, ఫీజు కట్టి ఇచ్చే పద్ధతి వచ్చింది. క్లేర్‌ల పెద్ద మఠాలన్నీ 1279కి ముందువే. తర్వాత ఈ కుటుంబం పెట్టినవి చూస్తే చిన్న జాగా సరిపోయే ఫ్రయర్ల (జనం మధ్య బోధించే సన్యాసుల) ఇళ్లు, చాపెళ్లు (చిన్న ప్రార్థనా మందిరాలు), ఒక కాలేజీ.

గోదారోడు:
సార్, స్టాంప్ డ్యూటీ ఎగ్గొట్టకుండా చట్టం తెచ్చాడన్నమాట.

రామ్మూర్తి_రిటైర్డ్:
దాదాపు అంతే నాయనా.

వేల్స్_వాసు:
నేను కార్డిఫ్‌లో ఉంటాను. ఇంటికి చుట్టాలు ఎవరొచ్చినా టింటర్న్ తీసుకెళ్తాను. పైకప్పు లేని ఆ పెద్ద చర్చి, పక్కన వై నది. డి క్లేర్‌ల పేరు చెబితే ముందు గుర్తొచ్చేది అదే. ఈ ఒక్కటి చాలు వాళ్ల భక్తికి.

తాళపత్రం:
వాసు గారూ, టింటర్న్ స్థాపించింది వాళ్లే, కాదనను. చెప్‌స్టో ప్రభువు వాల్టర్ ఫిట్జ్ రిచర్డ్ 1131లో పెట్టాడు. బ్రిటన్‌లో సిస్టర్షియన్లు అనే సన్యాసుల శాఖకి రెండో మఠం అది, వేవర్లీ తర్వాత. కానీ ఫొటోల్లో కనిపించే చర్చి రోజర్ బిగాడ్ కాలంలో, 1269 నుంచి 1301 వరకు కట్టింది. ఆయన నార్ఫోక్ ఎర్ల్. మరి క్లేర్‌ల మఠం బిగాడ్ చేతికి ఎలా వెళ్లిందంటే, ఆడపిల్లల ద్వారానే.

వాల్టర్‌కి పిల్లలు లేరు. ఆస్తి సోదరుడి మనవడు రిచర్డ్ దాకా వచ్చింది. ఐర్లండ్ చరిత్రలో స్ట్రాంగ్‌బోగా తెలిసినవాడు ఇతనే. 1170లో ఐర్లండ్‌కి వెళ్లి, లెన్‌స్టర్ రాజు కూతురు ఈఫాని పెళ్లాడి, 1176లో చనిపోయాడు. వాళ్ల కూతురు ఇసబెల్‌ని 1189లో విలియం మార్షల్ చేసుకున్నాడు. మార్షల్‌కి ఐదుగురు కొడుకులు. ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు వారసులు లేకుండా పోయారు. అప్పుడు ఆస్తి కూతుళ్ల వైపు పంచితే చెప్‌స్టో, టింటర్న్ పెద్ద కూతురు మోడ్ ద్వారా బిగాడ్‌లకి వెళ్లాయి. ఇంకో కూతురు ఇసబెల్ ద్వారా కిల్కెన్నీ మళ్లీ క్లేర్‌లలో పెద్ద శాఖకి వచ్చింది. ఎందుకంటే ఆమె 1217లో గిల్బర్ట్ డి క్లేర్‌ని చేసుకుంది.

వేల్స్_వాసు:
ఇది బాగుంది. టింటర్న్‌లో బోర్డు మీద బిగాడ్ పేరు చూశాను గానీ ఈ లింకు తెలియదు.

శ్రావణి_కె:
పెళ్లిళ్ల పట్టిక గీస్తే తప్ప అర్థమయ్యేలా లేదు. ఇసబెల్‌లు ఎంతమంది!

తాళపత్రం:
పట్టిక కన్నా సమాధుల వరస చూడండి, తేలిగ్గా అర్థమవుతుంది. కుటుంబానికి గుండెకాయ ఎప్పుడు ఎక్కడ ఉందో సమాధులే చెబుతాయి.

1217 దాకా వీళ్లు క్లేర్, టన్‌బ్రిడ్జ్ మనుషులు. హెర్ట్‌ఫర్డ్ ఎర్ల్ బిరుదు ఉంది. 1215లో రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా అమలు చూడమని నియమించిన 25 మంది బ్యారన్లలో తండ్రి రిచర్డ్, కొడుకు గిల్బర్ట్ ఇద్దరూ ఉన్నారు. అయినా మొదటి వరస కుటుంబం కాదు. రిచర్డ్ భార్య అమీషియా గ్లోస్టర్ ఎర్ల్ కూతురు. ఆమె వైపు మిగతా వారసులు లేకుండా పోయేసరికి గ్లోస్టర్ ఎర్ల్ పదవి, గ్లామోర్గన్ 1217లో ఆమె కొడుకు గిల్బర్ట్‌కి వచ్చిపడ్డాయి. వాటితోపాటు గ్లోస్టర్ ఎర్ల్‌ల మఠాలు కూడా. ట్యూక్స్‌బరీ, మార్గమ్, కీన్‌షామ్. వీటిలో ఒక్కటి కూడా క్లేర్‌లు పెట్టింది కాదు.

1230లో గిల్బర్ట్ బ్రిటనీలో చనిపోయాడు. శవాన్ని సముద్రం దాటించి తెచ్చి ఎక్కడ పెట్టారు? ట్యూక్స్‌బరీలో. తాతలు పెట్టిన స్టోక్‌లో కాదు. ఆ తర్వాత 1262, 1295, 1314. వంశపెద్దలంతా అక్కడే, గాయకుల స్థలంలో. కొత్తగా వచ్చిన ఆస్తి మాదే అని చెప్పుకోవడానికి అంతకంటే గట్టి దారి లేదు.

1262లో చనిపోయిన రిచర్డ్ సంగతి ఇంకా విచిత్రం. కాంటర్‌బరీ దగ్గర పోయాడు. పేగులు కాంటర్‌బరీలో, గుండె టన్‌బ్రిడ్జ్‌లో, శరీరం ట్యూక్స్‌బరీలో పాతిపెట్టారు.

గోదారోడు:
మూడు చోట్లా సమాధి! మూడు చోట్లా ప్రార్థనలు. తెలివైనోడే.

శ్రావణి_కె:
ఇసబెల్ మార్షల్ గుండె కూడా ట్యూక్స్‌బరీకి పంపారని చదివాను. గిల్బర్ట్ పోయాక ఆమె రాజు తమ్ముడు రిచర్డ్ ఆఫ్ కార్న్‌వాల్‌ని చేసుకుంది. 1240లో కాన్పులో చనిపోతూ మొదటి భర్త పక్కనే పెట్టమని అడిగిందట. రెండో భర్త ఒప్పుకోలేదు. శరీరాన్ని బ్యూలీలో పెట్టించి, గుండె మాత్రం ట్యూక్స్‌బరీకి పంపాడు. ఆస్తి, హోదా అంటూ ఇంత మాట్లాడుకుంటున్నాం, దీన్ని ఏ లెక్కలో వేస్తాం?

రామ్మూర్తి_రిటైర్డ్:
అన్నిటికీ లెక్క వెతకక్కర్లేదమ్మా.

వేల్స్_వాసు:
1295లో పోయిన ఎర్ర గిల్బర్ట్ గురించి ఎవరూ ఎత్తలేదే? ఎర్ర జుట్టు వల్ల ఆ పేరంటారు. మా దగ్గర కేర్‌ఫిల్లీ కోట ఆయనదే. 1268లో మొదలుపెట్టాడు. వేల్స్ యువరాజు లెవెలిన్ 1270లో దాడి చేసి తగలబెట్టాడు. మర్నాడే కట్టినంత పంతంగా 1271లో మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాడు. చుట్టూ నీళ్లు, గోడ లోపల గోడ. వేల్స్‌లో ఇంతకంటే పెద్ద కోట లేదు, బ్రిటన్ మొత్తంలో విండ్సర్ ఒక్కటే దీనికంటే పెద్దది. రాజు ఉత్తర వేల్స్‌లో కట్టిన కోటలు దీని తర్వాతివే. ఒక ఎర్ల్ తన డబ్బుతో ఇంతది కట్టాడంటే గ్లామోర్గన్ రాబడి ఎంతో ఊహించుకోవచ్చు.

గోదారోడు:
నేను చదివినంతలో గోడ మీద పిల్లి. 1264లో రాజు మీద తిరగబడిన ప్రభువుల నాయకుడు మాంట్‌ఫర్ట్ పక్షాన లూయిస్‌లో రాజుని బంధించాడు. ఏడాది తిరక్కుండానే యువరాజు ఎడ్వర్డ్ వైపు దూకి ఈవ్‌షామ్‌లో మాంట్‌ఫర్ట్ చావుకి సాయపడ్డాడు. 1267లో మళ్లీ రాజు మీద అలిగి లండన్ ఆక్రమించాడు.

వేల్స్_వాసు:
లండన్ ఆక్రమించింది తన కోసం కాదు బ్రో. మాంట్‌ఫర్ట్ పక్షం వాళ్ల భూములన్నీ రాజు లాగేసుకుంటే, డబ్బు కట్టి వెనక్కి తెచ్చుకునే వీలు ఇవ్వమని. అది సాధించాడు కూడా.

శ్రావణి_కె:
1264 వసంతంలో ఆయన మనుషులు కాంటర్‌బరీలో యూదుల్ని చంపారు. ఇది కూడా చెప్పుకోవాలి. ఆ ఏడాది చాలా పట్టణాల్లో ఇదే జరిగింది. యూదులు ఇచ్చిన అప్పుల పత్రాలుండే పెట్టెల కోసం దాడులు చేసేవారు. పత్రం పోతే అప్పు పోయినట్టే. కోట గురించి ఎంత గొప్పగా చెప్పినా నాకు ఇదే ముందు గుర్తొస్తుంది.

వేల్స్_వాసు:
కాదనను.

తాళపత్రం:
పొరుగువాళ్లతో కూడా ఆయనకి ఎప్పుడూ గొడవే. హెరిఫర్డ్ బిషప్‌తో వేట హద్దు తగాదా ముదిరి మాల్వర్న్ కొండల శిఖరం వెంట కందకం తవ్వించాడు, దాని ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. హంఫ్రీ డి బోహున్‌తో మోర్లే కోట విషయంలో యుద్ధమే చేశాడు. మార్చ్, అంటే వేల్స్ సరిహద్దు ప్రాంతంలో ప్రభువులు తమలో తాము యుద్ధం చేసుకోవడం పాత హక్కు. ఎడ్వర్డ్ రాజు ఒప్పుకోలేదు. ఇద్దరినీ జైల్లో పెట్టి గిల్బర్ట్‌కి 10,000 మార్కులు (అప్పటి డబ్బు లెక్క), బోహున్‌కి 1,000 మార్కులు జరిమానా వేశాడు.

రామ్మూర్తి_రిటైర్డ్:
అప్పటికి ఎడ్వర్డ్ ఆయనకి మామగారు కూడా! అసలు మెలిక ఆ పెళ్లి పత్రంలోనే ఉంది. మొదటి భార్య ఆలిస్‌కి ఇద్దరూ కూతుళ్లే. ఆ పెళ్లి రద్దు చేయించుకుని 1290లో రాజు కూతురు జోన్ ఆఫ్ ఏకర్‌ని చేసుకున్నాడు. షరతు ఏమిటంటే, ముందు తన ఆస్తి మొత్తం రాజుకి స్వాధీనం చెయ్యాలి. తర్వాత రాజు దాన్ని భార్యాభర్తలిద్దరి పేరా కలిపి తిరిగి రాసిస్తాడు, వాళ్లిద్దరికీ పుట్టే పిల్లలకే చెందేలా. ఒక్క పత్రంతో మొదటి భార్య కూతుళ్లు బయటికి పోయారు. గిల్బర్ట్ పోయినా ఆస్తి జోన్ చేతిలోనే, అంటే రాజు కూతురి చేతిలోనే ఉంటుంది.

రాజు అంచనా తప్పింది ఒక్కచోట. 1295లో గిల్బర్ట్ చనిపోయాక జోన్ తన దగ్గర పనిచేసే రాల్ఫ్ డి మాంథర్మర్‌ని రహస్యంగా పెళ్లి చేసుకుంది. తండ్రి మండిపడి అతన్ని జైల్లో వేశాడు. గొప్ప ఎర్ల్ పేదింటి పిల్లని చేసుకుంటే తప్పు కానప్పుడు, గొప్పింటి స్త్రీ ఒక యువకుణ్ణి పైకి తెస్తే తప్పేమిటని ఆమె వాదించిందట. రాజు చివరికి దిగొచ్చాడు. రాల్ఫ్ ఆమె బతికున్నంత కాలం గ్లోస్టర్ ఎర్ల్‌గా చెలామణీ అయ్యాడు.

శ్రావణి_కె:
జోన్ సమాధి ట్యూక్స్‌బరీలో లేదు, గమనించారా? 1307లో చనిపోతే సఫోక్‌లోని క్లేర్ ప్రయరీలో పెట్టారు. అక్కడ ఆమె కట్టించుకున్న చాపెల్ ఉంది.

తాళపత్రం:
మంచి పాయింట్. ఆమె మామగారు, 1262లో పోయిన ఆ రిచర్డ్, 1248లో అగస్టీనియన్ ఫ్రయర్లకి పెట్టిన ఇల్లది. ఫ్రయర్లకి ఎస్టేట్లు అక్కర్లేదు, ఊరికి దగ్గర్లో చిన్న జాగా చాలు. పట్టణాల్లో బోధిస్తారు, పాపనివేదన వింటారు. పదమూడో శతాబ్దంలో గొప్పింటి ఆడవాళ్లకి వీళ్లంటే గురి ఎక్కువ. భర్తల పూర్వీకుల మధ్య కాకుండా తమకి నచ్చినచోట సమాధి కోరుకోవడం అప్పుడు పెరిగింది.

గోదారోడు:
ముగ్గురు అక్కచెల్లెళ్ల దగ్గరికి రండి. టైటిల్ చూసి వచ్చాను నేను.

రామ్మూర్తి_రిటైర్డ్:
జోన్ కొడుకు గిల్బర్ట్ 1314 జూన్ 24న బానక్‌బర్న్‌లో స్కాట్‌ల చేతిలో చనిపోయాడు. వయసు 23. స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్, ఇతనూ తోడల్లుళ్లు, ఇద్దరి భార్యలూ అల్‌స్టర్ ఎర్ల్ కూతుళ్లే. బ్రూస్ పైసా అడక్కుండా శవాన్ని పంపించాడు.

పిల్లలు లేరు. కానీ భార్య మోడ్ గర్భవతినని చెప్పింది. ఆస్తి పంపకం ఆగింది. తొమ్మిది నెలలు దాటాయి, ఏడాది దాటింది, ఇంకా గర్భవతే! కోర్టులో కూడా ఆ మాట కొట్టెయ్యకుండా వాయిదాలు వేస్తూ వచ్చారు, ఎందుకంటే పంచకపోతే భూమి రాజు చేతిలో ఉంటుంది. 1317లో గానీ పంపకం కాలేదు. ఇంగ్లీషు చట్టంలో కొడుకులుంటే పెద్దవాడికే మొత్తం, కూతుళ్లయితే సమాన వాటాలు. ఎలియనోర్, మార్గరెట్, ఎలిజబెత్. ముగ్గురి భర్తలూ రెండో ఎడ్వర్డ్ ఆస్థానంలో రాజుకి ఇష్టులే. ఎలియనోర్ భర్త హ్యూ డిస్పెన్సర్‌కి గ్లామోర్గన్, మార్గరెట్ భర్త హ్యూ ఆడ్లీకి న్యూపోర్ట్, టన్‌బ్రిడ్జ్, ఎలిజబెత్ భర్త రోజర్ డామరీకి అస్క్. క్లేర్ కూడా ఎలిజబెత్ వాటాకే వచ్చింది.

శ్రావణి_కె:
డిస్పెన్సర్‌కి మూడో వంతు చాల్లేదు. తోడల్లుళ్లని కూడా వదల్లేదు. ఆడ్లీని బెదిరించి న్యూపోర్ట్ మార్పిడి చేయించుకున్నాడు. 1321లో మార్చ్ ప్రభువులంతా తిరగబడటానికి ముఖ్య కారణం ఈ ఆకలే. 1322లో తిరుగుబాటు ఓడింది, డామరీ చనిపోయాడు, ఎలిజబెత్‌ని పిల్లలతో సహా నిర్బంధించారు. సంపన్నమైన అస్క్ ఇచ్చేసి గోవర్ తీసుకోమన్నారు, ఆ తర్వాత గోవర్ కూడా గుంజుకున్నారు. 1326లో ఆమె ఇదంతా బలవంతంగా జరిగిందని ఒక నిరసన పత్రం రహస్యంగా రాయించి దాచింది. కొన్ని నెలలకే, నవంబర్ 24న డిస్పెన్సర్‌ని హెరిఫర్డ్‌లో ఉరితీసి ముక్కలు చేశారు. అస్క్ ఆమెకి తిరిగొచ్చింది.

అప్పటికి ఆమె ముగ్గురు భర్తల్ని పోగొట్టుకుంది, మూడోవాడు పోయేసరికి ఇంకా ముప్పై రాలేదు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1360 దాకా బతికింది. వితంతువుగా తన భూమి తనే ఏలుకుంది. ఆమె ఇంటి లెక్కల చుట్టలు నేటికీ ఉన్నాయి. రొట్టెలు, బీరు, చేపలు, కొవ్వొత్తులు, గుర్రాల దాణా, అన్నీ రోజువారీగా.

తాళపత్రం:
కేంబ్రిడ్జ్‌లో 1326లో మొదలై డబ్బు లేక కునారిల్లుతున్న యూనివర్సిటీ హాల్‌ని ఆదుకున్నది ఈవిడే. 1338 నుంచి అది క్లేర్ హాల్, ఇప్పటి క్లేర్ కాలేజీ. 1359లో నియమావళి ఇచ్చింది. కాలేజీ చిహ్నంలో క్లేర్, డి బర్గ్ (ఆమె మొదటి భర్త వంశం) ముద్రల చుట్టూ నల్లటి అంచు, దాని మీద బంగారు కన్నీటి చుక్కలు ఉంటాయి.

ఇంకో మఠం కథ కూడా ఉంది. 1347లో వాల్సింగమ్‌లో ఫ్రాన్సిస్కన్ ఫ్రయర్లకి ఇల్లు కట్టించింది. అక్కడ ముందునుంచీ ఉన్న ప్రయరీకి క్లేర్‌లే పోషకులు. యాత్రికుల కానుకలు ఈ కొత్తవాళ్లు పట్టుకుపోతారని ఆ ప్రయరీవాళ్లు ఆమెకి అర్జీ పెట్టుకున్నారు. ఆమె వినలేదు. తన సమాధి మాత్రం లండన్‌లో ఆల్డ్‌గేట్ బయటి ఫ్రాన్సిస్కన్ సన్యాసినుల మఠంలో.

గోదారోడు:
మొదట్లో లెక్క, చివర్లో భక్తి అన్నమాట?

తాళపత్రం:
అలా గీత గియ్యలేం. కాలేజీలో చదివే పండితులు కూడా ఆమె ఆత్మ కోసం ప్రార్థన చెయ్యాలనేది షరతు. చేతిలో డబ్బు, పైన అడిగే మగాడు లేకపోవడం, ఈ రెండూ కలిసినచోట దానం తనకి ఇష్టమైనవైపు వెళ్లింది.

ఎలియనోర్‌ని కూడా చూడండి. భర్తని ముక్కలు చేసి ఊరూరా వేలాడదీస్తే, ఎముకలు తెచ్చి ట్యూక్స్‌బరీలో పెట్టించింది. గాయకుల స్థలం పై కిటికీల్లో రంగుటద్దాల మీద ఆ మఠం స్థాపకుడు ఫిట్జ్‌హేమన్ నుంచి క్లేర్‌లు, డిస్పెన్సర్ దాకా కవచాలతో వరసగా నిలబడి ఉంటారు. ద్రోహిగా చంపినవాణ్ణి పూర్వీకుల వరసలో నిలబెట్టడం చిన్న విషయం కాదు.

వేల్స్_వాసు:
ఇప్పుడు ఏమేం మిగిలాయి? వేసవిలో ఒక రౌండ్ వెయ్యాలని ఉంది.

శ్రావణి_కె:
ట్యూక్స్‌బరీ తప్పకుండా. ఎనిమిదో హెన్రీ మఠాలు మూసినప్పుడు ఊరివాళ్లు రాజుకి 453 పౌండ్లు కట్టి చర్చిని కొనుక్కున్నారు, అందుకే నిలిచింది. టన్‌బ్రిడ్జ్ ప్రయరీని అంతకుముందే 1525లో కార్డినల్ వుల్సీ తన ఆక్స్‌ఫర్డ్ కాలేజీ ఖర్చు కోసం మూసేశాడు. అక్కడ కోట ద్వారం మాత్రం చూడదగ్గది. స్టోక్ ప్రయరీ 1415లోనే కాలేజీగా మారింది.

క్లేర్‌కి వెళ్తే దిబ్బ మీద కోట ముక్క ఒకటి మిగిలింది. కోట లోపలి ఆవరణలోనే విక్టోరియా కాలంలో రైల్వే స్టేషన్ కట్టారు, 1967లో అదీ మూతపడింది, ఇప్పుడు పార్కు. దగ్గర్లోనే నది అవతల ప్రయరీ. 1538లో మూసేసిన ఆ ఇంటికి అగస్టీనియన్లు 1953లో తిరిగొచ్చారు. మీది కార్డిఫ్ కాబట్టి ట్యూక్స్‌బరీ ఒక రోజులో అయిపోతుంది, సఫోక్‌కి మాత్రం రాత్రి బస పెట్టుకోండి.